పేరొక్కటి, అర్థములు పెక్కు
(వల్లూరు పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



మన యూరితోనే మొదలిడెదను. 13వ శతాబ్దమున అంబదేవుడు ఈ వల్లూరు రాజధానిగా నేలెను. అతని వంశమునకు కాయస్థులని పేరు. గంగయసాహిణి మొదలు కాకతీయుల కొలువున కత్తి బట్టినవారు. అంబదేవుడన్ననో రుద్రమదేవిపైనే తిరుగబడెను. కాని కాశీలోనో పాట్నాలోనో కాయస్థుడనగా కలము బట్టిన లేఖకకులమువాడు. అక్కడి పెద్దమనిషి మన శాసనము చదివినచో, ఇచట నెవరో కరణము రాజ్యమేలెనని భ్రమపడును!

ఇది నవ్వి విడువదగినది. బర్మాలో నవ్వుటకు వీలులేకపోయెను. గోదావరి ముఖమున కోరంగి యొక రేవు. గంజాము, విశాఖ మండలములనుండి కూలికై పోయినవారును రంగూనులో దిగగానే 'కోరంగీ'లైరి. ఇంటనున్నప్పుడు వారికి ఊళ్లు వేఱు, కులములు వేఱు, కంచములు సైతము వేఱు. అచట రేవుపేరే జాతిపేరయ్యెను. బర్మీయులు మనవారి నందఱిని 'కలా' యనిరి. ఆ మాట వినిన మనవాడు 'కాలా' యనుకొని, నలుపని యెత్తిపొడిచిరని నొచ్చుకొనును. కాని పూర్వము తెల్లదొరను సైతము బర్మీయులు 'తెల్ల కలా' యనియే పిలిచిరి. అది రంగును బట్టినది కాదు, పడమట నుండి వచ్చుటను బట్టినది, పిదప తిట్టైనది. 1930 మే నెలలో మన రేవుకూలీలు సమ్మె కట్టగా బర్మీయులను పనిలోనికి దింపిరి. సమ్మె తీరగానే వారిని వెళ్లగొట్టిరి. అంతట రేగిన కొట్లాటలో ఎదుటివాని యూరెవరడిగిరి? కోరంగీ యను నొక్కమాట చాలెను. ఒకరి పొట్టకొట్టుటకు మఱియొకరిని తెచ్చిన యజమానుల పేరుమాత్రము ఏ భాషలోను తిట్టు కాలేదు.

న్యాయవాదిని గనుక అమెరికా తీర్పొకటి చెప్పక విడువజాలను. తెల్లవాడనగా కాకేసియజాతివాడని 1922 నవంబరులో జపానీయుడగు ఓజావా వ్యాజ్యమున జడ్జి సదర్లాండు వ్రాసెను. మూడుమాసములకు భగత్‌సింగ్ థిండ్ అను పంజాబీ, 'శాస్త్రమును బట్టి నేను కాకేసియుడనే కదా' యని నిలిచెను. అదే జడ్జి, శాస్త్రము కాదు, సామాన్యజనుల వాడుకయే ప్రమాణమని త్రోసివేసెను! పైగా సిక్కుడైన థిండును ఆ తీర్పు హిందువనెను. నాడచట హిందువనగా మతము కాదు, ఈ దేశమువాడని యర్థము. 1946లో చట్టము మాఱువఱకు మనవారికి సామాన్యముగా ఆ దేశపు పౌరసత్వము మూతపడియే యుండెను.

పరదేశములను తప్పుపట్టి ఊరకుండుట మనకు తగదు. మన సుగాలీలను చూడుడు. భాష ఒక్కటే, తండా ఒక్కటే. ఆంధ్రలో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులము, మహారాష్ట్రలో విముక్తజాతి. రాజ్యాంగపు 341, 342 అధికరణములలో 'ఆ రాష్ట్రమునకు సంబంధించి' యను మాటయే దీనికి మూలము. ఆంధ్రలో తెగగా గుర్తింపబడిన కుటుంబమున తెనాలిలో పుట్టిన విద్యార్థి, తండ్రి ఉద్యోగమువలన బొంబాయి చేరి, అచట వైద్యకళాశాలలో ఆ సీటు కోరగా, 1990లో సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము చెల్లదనెను. వెనుకబాటు స్థలమును బట్టి యుండునను వాదమున సత్యము లేకపోలేదని నేనును ఒప్పుకొందును. కాని కూలికై సరిహద్దు దాటినవాని పేదఱికము దాటకుండునా?

నా కక్షిదారుడగు సుగాలీ వృద్ధు డొకడు, బళ్లారిలో పెరిగిన మనుమరాలి కాగితములు నా బల్లపై పఱచి, "ఇక్కడొక పేరు, అక్కడొక పేరు, ఏ పేరును పనికిరాకపోయె. మేమెవరము స్వామీ?" అనెను. జవాబు తోచలేదు. పొట్టకూటికై రాష్ట్రము మాఱినవారి బిడ్డలకైనను మినహాయింపు కల్పింపవలసినదని పార్లమెంటుకు అర్జీ యొకటి వ్రాసి తెచ్చితిని. పత్రికల బల్లమీద నున్నది. చదివి, సమ్మతించినవారు చేవ్రాలు చేయుడు. సమ్మతింపనివారు కారణము చెప్పుడు, వినెదను.