నల్లా దగ్గర మొదలయ్యే పరీక్ష



విశ్వవిద్యాలయంలో మనం తాగే నీటిని ఎలా పరీక్షించుకోవాలో చెప్పమన్నారు. అమెరికాలోని ఫ్లింట్ నగరం కథతో మొదలుపెడతాను.

మిషిగన్ రాష్ట్రంలోని ఆ ఊరికి డెట్రాయిట్ నుంచి శుద్ధి చేసిన నీళ్లు వచ్చేవి. ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో ఫ్లింట్ నది నీటికి మారారు. ఆ నీటిలో క్లోరైడు ఎక్కువ, లోహపు పైపులను తినేసే గుణం ఎక్కువ. డెట్రాయిట్ నీటిలో ఆర్థోఫాస్ఫేటు కలిపేవారు. అది పైపు లోపల పొర కట్టి సీసాన్ని నీటిలోకి దిగనిచ్చేది కాదు. నది నీటిలో అది కలపలేదు. పొర చెదిరింది, పాత పైపుల సీసం జనం గొంతుల్లోకి దిగింది. విడిభాగాలు తుప్పు పడుతున్నాయని అదే ఏడాది అక్టోబరులో జనరల్ మోటార్స్ ఇంజన్ల కర్మాగారం ఆ నీటిని మానేసింది. 2015 మొదట్లో మిషిగన్ విశ్వవిద్యాలయపు ఫ్లింట్ క్యాంపస్ తన భవనాల్లో నీటిని పరీక్షించుకుంది. కొన్ని తాగునీటి నల్లాల్లో సీసం హద్దు దాటింది. వాటిని మూసేశారు, ఫిల్టర్లు బిగించారు. ఊరికి మళ్లీ డెట్రాయిట్ నీళ్లు వచ్చేసరికి 2015 అక్టోబరు అయింది.

ఇక్కడ ‘కొన్ని నల్లాల్లో’ అన్న మాట గమనించండి. ఊరికంతా వస్తున్నవి ఒకే నీళ్లు. అయినా ఒక నల్లాలో సీసం ఉంది, పక్కదానిలో లేదు. కారణం, సీసం చాలావరకు నదిలోంచి రాదు. పైపులు, అతుకులు, ఇత్తడి నల్లాలు, ఆ నీళ్లు వాటిలో నిలిచిన గంటలు కలిసి దాన్ని తెస్తాయి. శుద్ధి కేంద్రం దగ్గర పట్టిన నమూనా దీన్ని ఎన్నటికీ పట్టుకోలేదు.

ఫ్లోరైడు సంగతి వేరు. నల్గొండ పల్లెల్లో ఎముకలు వంచేసిన ఆ విషం భూగర్భ శిలల్లోంచి బోరు నీటిలోకి వచ్చింది. దాన్ని బోరు దగ్గరే పట్టుకోవచ్చు. కాచితే పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. నైట్రేటు కూడా అంతే, కాచితే పోదు. అది ఎరువుల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి నేలలోకి ఇంకుతుంది. మన క్యాంపస్‌లలో చాలాచోట్ల మునిసిపల్ నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. అందుకే బోరు దగ్గర ఒకటి, సంపు దగ్గర ఒకటి, నల్లా దగ్గర ఒకటి, మూడుచోట్లా నమూనాలు తీయాలి. మూడు ఫలితాలనూ పక్కపక్కన పెడితే కాలుష్యం ఎక్కడ చేరిందో తెలుస్తుంది.

సీసం కోసమైతే రాత్రంతా వాడని నల్లా నుంచి తెల్లవారి మొదటి లీటరు పట్టాలి. ముందుగా నీళ్లు వదిలేస్తే వెతుకుతున్నదే కొట్టుకుపోతుంది. ఫ్లింట్‌లో అధికారులు నమూనాకు ముందు నల్లా తిప్పి నీళ్లు వదలమని జనానికి చెప్పారు, ఉన్న సీసం లెక్కకు తక్కువగా తేలింది. వర్జీనియా టెక్ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ బృందం 2015లో ఆ ఊళ్లోని కొన్ని ఇళ్లకు మూడేసి బాటిళ్లు పంపింది. మొదటి నీళ్లు ఒకదానిలో, 45 సెకన్లు వదిలాక రెండోదానిలో, రెండు నిమిషాలయ్యాక మూడోదానిలో పట్టించారు. సీసంలో నల్లాది ఎంత, దాని వెనకున్న పైపులది ఎంత అన్నది అలా అంచనా వేశారు. మనమూ అలాగే చేద్దాం. పాత భవనాలు, హాస్టళ్లు, సిబ్బంది క్వార్టర్లు, కూలర్లు ముందుగా చూద్దాం. లోహాల కోసం పట్టిన నమూనాలో నైట్రిక్ ఆమ్లం వేయాలి. లేకపోతే సీసం బాటిల్ గోడలకే అంటుకుంటుంది.

చేతిలో టీడీఎస్ మీటరు ఉందని నిబ్బరపడకండి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. సీసానికి హద్దు 0.01 మిల్లీగ్రాము. ఆ మీటరు నీటి విద్యుత్ వాహకతను కొలిచి లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, అందులో ఇంత సూక్ష్మమైన సీసం ఆనదు. దానికి గ్రాఫైట్ ఫర్నేస్ ఉన్న అటామిక్ అబ్జార్ప్షన్ పరికరమో, ఐసీపీ-ఎంఎస్సో కావాలి. ఫ్లోరైడుకు అయాన్ ఎలక్ట్రోడ్ చాలు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి లేనిచోట 1.5 వరకు అనుమతి ఉంది. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దానికి సడలింపే లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పిల్లల రక్తంలో ఇంత వరకు సీసం ఉన్నా ఫర్వాలేదని చెప్పదగిన మోతాదేదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన క్వార్టర్లలో పసిపిల్లలున్నారు, గర్భిణులున్నారు. కాబట్టి ఫలితం ఫైల్లో పడి ఉండటానికి వీల్లేదు. ప్రతి నల్లా పక్కన నమూనా తీసిన తేదీ, వచ్చిన అంకె, అనుమతించిన హద్దు తెలుగులో రాసి అతికించాలి. హద్దు దాటిన నల్లాను ఆ రోజే మూయాలి, ఫిల్టరు పెట్టాక మళ్లీ పరీక్షించాలి.

ప్రయోగశాల, పరికరాలు, చదువుకున్న చేతులు మన దగ్గర ఉన్నాయి. మన గేటు అవతలి బస్తీకి అవి లేవు. మన నీటిలో లోపం కనబడితే, అదే పైపు నుంచి నీళ్లు తాగే ఇరుగుపొరుగుకు ఆ కబురు మనమే మోసుకెళ్లాలి. వాళ్ల నమూనాలు కూడా మన విద్యార్థులే పరీక్షించాలి. ఈ సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లో దీన్ని చేర్చమని ఈ సభ ముఖంగా శాఖాధిపతులను కోరుతున్నాను.