ఎండితే పిడక, పూడితే ఎరువు

శుక్రవారం సెలవు పూట, బిర్యానీ వదులుకుని పేడ గురించి వినడానికి వచ్చారు! కబ్ద్ జాఖూర్లలో, అంటే ఇక్కడి పశువుల దొడ్లలో, గొర్రెలూ ఒంటెలూ చూసుకునే తమ్ముళ్లు వెనకెందుకు కూర్చున్నారు? ముందుకు రండి.

ఇందాక టీ దగ్గర ఒక పెద్దాయన, "పేడ నేలమీద పడితే చాలు, ఎరువే కదండీ" అన్నారు. కాదు! ఎండితే అది పిడక. పైన పడున్నంతసేపూ అందులోని నత్రజని అమ్మోనియాగా గాలిలోకి పోతూనే ఉంటుంది. పేడ పడ్డ చోట గడ్డిని ఆవు ముట్టదు కూడా. ఎవరో దాన్ని మట్టిలోకి దించాలి. కూలి అడక్కుండా దించేది పేడపురుగు. మీరేమో చెప్పుతో నొక్కేస్తారు.

ఈ పురుగు లేకపోతే ఏమవుతుంది? ఆస్ట్రేలియా సంగతి చెప్పందే నాకు తోచదు. 1788లో ఆవులు ఓడల్లో అక్కడికి చేరాయి. వాటి పేడ తినే పురుగులు చేరలేదు. అక్కడి పురుగులకు కంగారూల పొడి పెంటికలే అలవాటు, జారుడు పేడ వాటికి పట్టలేదు. పచ్చిక నిండా పేడ, దాని నిండా ఈగలు. నూట అరవై ఏళ్లకుపైగా ఇదే మామూలనుకున్నారు! చివరికి హంగరీ నుంచి వలసొచ్చిన కీటక శాస్త్రవేత్త జార్జ్ బోర్నెమిస్సా అడిగాడు, "ఇదేమిటి, మా ఊళ్లో ఇలా ఉండదే" అని. వలసొచ్చినవాడి కన్ను, చూశారా! 1965 నుంచి 1985 దాకా అక్కడి ప్రభుత్వ సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ ఆఫ్రికా, యూరప్‌ల నుంచి పురుగుల్ని తెప్పించింది. జబ్బులు వెంటరాకుండా గుడ్లను శుభ్రం చేసి, చేత్తో చుట్టిన పేడ ఉండల్లో పెట్టి పెంచారు. పెద్ద చదువులు చదివినవాళ్లు పేడ ఉండలు చుట్టారండీ, నవ్వకండి! 43 జాతుల్ని వదిలితే 23 నిలదొక్కుకున్నాయి.

ఇంకో అపోహ: అన్నీ ఉండలు దొర్లిస్తాయని. కాదు, పేడ కిందే సొరంగం తవ్వేవే ఎక్కువ. దొర్లించే స్కారబేయస్‌లు మన కువైట్ ఇసుకలోనే ఉన్నాయి. ఈ ఎండకు ఒంటె లద్దె ఎంతసేపు తడిగా ఉంటుంది? అందుకే వాటికంత తొందర. పేడపురుగులు తవ్విన దారుల్లోనే వాననీరూ దిగుతుంది.

టైమైపోయిందట, సరే. ఈగలు గుడ్లు పెట్టే పేడే మాయమైతే ఈగలూ తగ్గుతాయి. ఈ పురుగుల పని అమెరికా పశుపోషకులకు ఏటా 38 కోట్ల డాలర్ల విలువని 2006లో లెక్కేశారు. ఆఖరిది, తమ్ముళ్లూ: కడుపులో పురుగులకు వేసే ఐవర్‌మెక్టిన్ పేడలో దిగి పేడపురుగుల పిల్లల్నీ చంపుతుంది. డాక్టర్ని అడిగి, అవసరమున్న జీవాలకే వేయండి. ఆ, నువ్వు అడుగు బాబూ, బస్సుకింకా పది నిమిషాలుంది.