నల్లజాతి బాలుర బడి



విద్య దొంగలు దోచుకొనజాలని ధనమని మనము పిల్లలకు చెప్పుచుందుము. అట్టి ధనమును శాసనమే చేరనీయక యడ్డగించిన దేశమొకటి కలదు. అది అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగము. అచ్చటి నల్లజాతి బాలురు చదువుకొఱకు పడిన పాట్లను, వారి పెద్దలు చేసిన త్యాగమును నేడు మీకు విన్నవించెదను.

ఆఫ్రికానుండి బలాత్కారముగ కొనితేబడిన జనులు అచ్చటి ప్రత్తి, పొగాకు చేలలో బానిసలై పాటుపడిరి. బానిసకు వ్రాత నేర్పినవానికి నూఱు పౌనుల జరిమానా విధించుచు దక్షిణ కరొలైనా వారు 1740లోనే శాసనము చేసిరి. అక్షరము వచ్చినవాడు లోకమును తెలిసికొనును, తెలిసికొన్నవాడు లొంగియుండడు. ఇదియే యజమానుల భయము. 1865లో బానిసత్వము తొలగగానే తాతలును మనుమలును ఒకే బల్లపై కూర్చుండి యక్షరములు దిద్దిరి.

కాని 1896లో ఒక రైలుపెట్టె వివాదమున అత్యున్నత న్యాయస్థానము, వసతులు సమానముగ నున్నయెడల జాతులను వేఱుగ నుంచుట తప్పు కాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పులో వేఱు అనుమాట యమలు జరిగెను; సమానము అనుమాట కాగితముపై నిలిచెను. నల్లవారి బడులు పెక్కుచోట్ల కొయ్య గుడిసెలు. పుస్తకములు తెల్లబిడ్డలు వాడి విడిచినవి.

అప్పుడు ఆ పల్లెల పెద్దలు చేసిన కార్యము మెచ్చదగినది. అలబామాలో టస్కీగీ విద్యాలయమును నడపుచున్న బుకర్ టి. వాషింగ్టన్, షికాగో వర్తకుడు జూలియస్ రోజెన్‌వాల్డ్ కలిసి 1912లో పల్లెబడుల నిర్మాణము నారంభించిరి. ధనము ఊరక ఈయబడలేదు. గ్రామస్థులును తమ వంతు వేసికొనవలెను. పన్ను ఒకసారి చెల్లించినవారే బడికై మరల చందా లిచ్చిరి. కొందఱు స్థలమిచ్చిరి, కొందఱు కలప తెచ్చిరి, ఏమియు లేనివారు కాయకష్టము చేసిరి. విద్యుద్దీపములు లేని పల్లెలు గావున వెలుతురు నిండుగ వచ్చునట్లు పొడవైన కిటికీలను వరుసగ నమర్చిరి. 1932 నాటికి 15 రాష్ట్రములలో సుమారు 5,000 బడులు లేచెను. ఆ వర్తకుని నిధినుండి వచ్చినది సుమారు 43 లక్షల డాలర్లు. పేదలైన నల్లవారు కూడబెట్టినది సుమారు 47 లక్షలు!

అయినను అన్యాయము తీఱలేదు. దక్షిణ కరొలైనాలోని క్లారెండన్ మండలమును చూడుడు. తెల్లబిడ్డలను బడికి చేర్చుటకు సుమారు 30 బస్సులుండగా, నల్లబిడ్డలకు ఒక్కటియు లేదు. వారు మైళ్లకొలది నడిచి పోవలసినదే. 1947లో లీవై పియర్సన్ అను రైతు ఒక్క బస్సు నిమ్మని యర్జీ పెట్టెను, అది ఫలింపలేదు. 1949-50లో అచ్చట తెల్లబిడ్డ యొకనికి 179 డాలర్లు, నల్లబిడ్డ యొకనికి 43 డాలర్లు ఖర్చగుచుండెను. గ్రామస్థులు మరల వ్యాజ్యము వేసిరి. వ్రాలు చేసిన హ్యారీ బ్రిగ్స్ కొలువు పోయెను. ఆతని భార్య కొలువును పోయెను. ముందు నిలిచిన జోసెఫ్ డిలేన్, మతబోధకుడును ఉపాధ్యాయుడును; ఆయన యుద్యోగము పోయెను, ఇల్లు తగులబడెను.

ఆ వ్యాజ్య సందర్భమున 1951లో కెన్నెత్ క్లార్క్ అను పండితుడు 16గురు నల్లబాలుర ముందు తెల్లబొమ్మను, నల్లబొమ్మను ఉంచి, చెడ్డదిగ కనబడునది యేదని యడిగెను. పదునొకండుగురు తమ రంగు బొమ్మనే చూపిరి. ఇంతకన్న పెద్ద సాక్ష్యమేమి కావలయును?

1954 మే 17వ తేదీన, ఈ వ్యాజ్యమును మఱికొన్నింటిని కలిపి విచారించిన తొమ్మండుగురు న్యాయమూర్తులు, వేఱుపఱచిన బడులు సమానములు కాజాలవని ఏకకంఠముగ తీర్పిచ్చిరి. తీర్పు వచ్చినంతనే మనసులు మాఱలేదు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ మండలము వారు, బాలురను కలిపి కూర్చుండబెట్టుట కిష్టపడక, 1959 మొదలు 1964 వఱకు ప్రభుత్వపు బడులనే మూసివేసిరి. బడులు కలిసినచోట్ల సయితము వేలకొలది నల్లజాతి యుపాధ్యాయులు కొలువులు కోల్పోయిరి.

నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. ఉపాధ్యాయుడు నోరు తెఱవకమునుపే, బాలుడు కూర్చున్న చోటు అతనికొక పాఠము చెప్పును. నీవు వీరిలో నొకడవనియో, కావనియో అది చెప్పును. ఆ పాఠము ఒకసారి మనసున నాటుకొన్నచో తుడుచుట కష్టము. కొన్ని కులముల పిల్లలను బడి వెలుపల కూర్చుండబెట్టిన కాలము మన దేశమునను ఉండెను గదా! ఆ యాచారము నిషిద్ధమైనది. కాని, మన యూరి బడికి పోవునపుడు గోడలకు సున్నము వేసిరా యని మాత్రమే చూడక, ఊరి చివరి యింటి బిడ్డ యెచ్చట కూర్చున్నాడో, ఎవరి ప్రక్కన భుజించుచున్నాడో కూడ పెద్దలు చూడవలెను. ఒక్క బస్సునకై యర్జీ పెట్టిన యా రైతు పెద్దమాటలు పలుకలేదు. తన యూరి బిడ్డలు నడచు దారిని మాత్రము చూచెను. ఆ చూపు మనకును కలుగుగాక. సెలవు.