డ్రా చేశారు సరే, చేతికందిందా?

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాతో, "డి.ఏ. గురించీ, పి.ఆర్.సి. గురించీ మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఏదైనా వేరే విషయం చెప్పండి" అన్నారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై ఆరేళ్లు నోట్ ఫైళ్లు రాసిన గుమాస్తాను. ఆ ముప్పై ఆరేళ్లలో నా కలం కింద ఎక్కువసార్లు నలిగిన ఇంగ్లీషు క్రియ ఏదా అని ఆలోచిస్తే 'డ్రా' అని తేలింది. జీతం డ్రా చేశాం, ఇంక్రిమెంటు డ్రా చేశాం, ఇప్పుడు పింఛను డ్రా చేస్తున్నాం. రోజూ వాడే మాట గనుక దాన్ని నిలబెట్టి నీ సంగతేమిటని మనం ఎప్పుడూ అడగలేదు. ఇవాళ అడుగుదాం.

దీనికి మూలార్థం లాగడం. నేల మీద ఈడ్చుకుపోవడాన్ని 'డ్రాగ్' అంటారు గదా, అదీ ఇదీ ఒకే వేరు నుంచి వచ్చినవి. బావిలోంచి నీళ్లు లాగితే డ్రా. ఒరలోంచి కత్తి లాగితే డ్రా. కాగితం మీద పెన్సిలును లాక్కుంటూ పోతే గీత పడుతుంది, అదీ డ్రాయే, దాన్నుంచే డ్రాయింగు. చిత్తుప్రతిని మనం డ్రాఫ్ట్ అంటాం, బ్యాంకులో డి.డి. తీస్తే అందులోనూ డ్రాఫ్టే, ఓడ నీళ్లలోకి ఎంత లోతు దిగిందో దాన్నీ డ్రాఫ్టే అంటారు. ఇవన్నీ 'డ్రా' పిల్లలే.

'డ్రాయర్' సంగతి మరీ తమాషా. బల్లకు లాగే సొరుగు డ్రాయరు. కాళ్ల మీదుగా పైకి లాక్కుని తొడుక్కునే లోదుస్తు కూడా డ్రాయరే. చెక్కు రాసి సంతకం చేసినవాడూ డ్రాయరే. మా సెక్షన్లో ఒకాయనకు ఎవరో ఇచ్చిన చెక్కు 'రిఫర్ టు డ్రాయర్' అన్న చీటీతో తిరిగివచ్చింది. ఆయన బల్ల సొరుగులన్నీ వెతికి, "ఇందులో ఏం చూడమన్నారయ్యా?" అని నన్నడిగాడు. చెక్కు రాసినాయన్నే వెళ్లి అడగమని దాని అర్థం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 'డ్రాయీ' అంటే డబ్బు పుచ్చుకునేవాడని చాలామంది అనుకుంటారు. కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం చెల్లించమని ఎవరిని ఆదేశిస్తామో వారు డ్రాయీ. చెక్కు విషయంలో అది బ్యాంకు. పుచ్చుకునేవాడు పేయీ.

డ్రాయింగ్ రూముకీ బొమ్మలకీ సంబంధం లేదు. అసలు మాట 'విత్‌డ్రాయింగ్ రూము'. పెద్ద ఇళ్లలో నలుగురి మధ్య నుంచి లేచి లోపలికి తప్పుకుని కూర్చునే గది. కాలక్రమాన ముందున్న 'విత్' రాలిపోయింది. మన ఇళ్లలో అది వీధి గుమ్మం దాటగానే వచ్చే గది అయి కూర్చుంది. తప్పుకోవడానికి కట్టుకున్న గదిలో ఎవరికీ తప్పుకోవడానికి వీల్లేదు!

తెలుగులో దీనికి సరిజోడు ఏదని చూస్తే నాకు 'తీయు' కనబడింది. డబ్బు తీస్తాం, చీటీ తీస్తాం, ఫోటో తీస్తాం, కునుకు తీస్తాం, ఆరా తీస్తాం, దిష్టి తీస్తాం, పరుగు తీస్తాం, పిల్లల చేత గుంజీళ్లు తీయిస్తాం. కోపం వస్తే ఎదుటివాడి పరువు తీస్తాం. మన భాష నేర్చుకునే పరాయివాడికి ఈ ఒక్క మాటతోనే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఇంగ్లీషువాణ్ణి చూసి మనం మరీ ఆశ్చర్యపోనక్కరలేదు. కాకపోతే ఒకచోట మన భాషే నయం. తెర తీయడం అంటే తెరవడమే, మూస్తే తెర వేయడం అంటాం. ఇంగ్లీషులో కర్టెన్లు డ్రా చేయమంటే తెరవమనీ కావచ్చు, మూయమనీ కావచ్చు. అప్పుడు గదిలో వెలుతురు చూసి అర్థం చేసుకోవాలి! అలాగే వేడినీళ్లలో టీ ఆకు సారం దిగుతుంటే వాళ్లు 'టీ డ్రా అవుతోంది' అంటారు. కాఫీ విషయంలో మన ఆడవాళ్లు 'డికాక్షన్ దిగింది' అంటారు. వాళ్లది లాగడం, మనది దిగడం.

ఆటల్లో డ్రా వేరు, టై వేరు. పత్రికలు కూడా ఒక్కోసారి కలిపేస్తుంటాయి. టెస్టు మ్యాచి గడువు అయిపోయి, ఫలితం తేలకుండా ఆగిపోతే డ్రా. ఆట పూర్తయి పరుగులు సరిసమానమైతే టై. 1960లో బ్రిస్బేన్‌లోను, 1986 సెప్టెంబరులో మన పక్కనే మద్రాసు చేపాక్‌లోను జరిగినవి టైలు. ఎన్నికల్లో ఇద్దరికీ ఓట్లు సమానంగా వస్తే రిటర్నింగ్ అధికారి చీటీ తీస్తాడు, అది మళ్లీ డ్రా. ఎన్నికల డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు.

ఇక మన ఆఫీసుకు వద్దాం. అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

ఆఫీసు అధిపతికి మన దగ్గర ఒక పేరు ఉంది గదా, డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసరు. ఇక్కడున్న పిల్లల కోసం చెబుతాను. ఆ పేరులో రెండు పనులున్నాయి. మొదటిది ఖజానా నుంచి సొమ్ము తీయడం. రెండోది ఎవరి సొమ్ము వారికి పంచడం. మా రోజుల్లో బిల్లు తయారుచేసి సబ్ ట్రెజరీకి పంపితే టోకెను ఇచ్చేవారు. బిల్లు పాసయ్యాక బ్యాంకులో నగదు తీసి, పెట్టెలో పెట్టుకుని, బంట్రోతును వెంటబెట్టుకుని ఆఫీసుకు తెచ్చేవాళ్లం. అది డ్రా. అప్పుడు అక్విటెన్స్ రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఒక్కొక్కరికీ లెక్కపెట్టి ఇచ్చేవాళ్లం. అది డిస్బర్స్. సెలవులో ఉన్నవాడి సొమ్ము డ్రా అవుతుంది గాని డిస్బర్స్ కాదు. దాన్ని చెల్లించని సొమ్ముల రిజిస్టరులో ఎక్కించేవాళ్లం. గడువులోగా మనిషి రాకపోతే చలానా కట్టి తిరిగి ఖజానాకు జమ చేయడమో, తరువాతి బిల్లులో ఆ మేరకు తగ్గించి తీయడమో జరిగేది. తగ్గించి తీయడాన్ని 'షార్ట్ డ్రాయల్' అనేవాళ్లం. ఈ 'డ్రాయల్' అన్న మాట ఇంగ్లండు నిఘంటువుల్లో వెతికితే దొరకడం కష్టం. అది మన దేశపు గుమాస్తాలు పుట్టించిన మాట, నాకు మాత్రం అందులో నామోషీ ఏమీ కనబడదు.

డ్రాకూ డిస్బర్సుకూ మధ్య ఉన్న ఈ చిన్న సందులో ఒక కుటుంబం ఎలా నలిగిపోయిందో చెబుతాను.

1994లో పొరుగు ఆఫీసులో పనిచేసే ఒక అటెండరు సర్వీసులో ఉండగానే పోయాడు. ఆఫీసు పేరూ, మనిషి పేరూ మనకు అనవసరం. ఆయనకు రావలసిన ఇంక్రిమెంటు బకాయిల కోసం భార్య అర్జీ పెట్టుకుంది. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. 'మీ భర్తకు చెందవలసిన బకాయిలు ఇదివరకే డ్రా చేయబడినవి' అని ఇంగ్లీషులో ఒకే ఒక వాక్యం. కొడుకు ఇంటరు చదువుతున్నాడు. చదివి, "నాన్న ముందే తీసేసుకున్నాడటమ్మా" అన్నాడు. పిల్లవాడి తప్పేమీ లేదు, ఆ వాక్యం చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. రెండువేల చిల్లర. ఆ ఇంటికి అది చిన్న మొత్తం కాదు. డబ్బు తీసుకుని ఇంట్లో చెప్పకుండా ఏం చేశాడన్న మాట పుట్టింది. అత్తా కోడళ్ల మధ్య మాటలు పెరిగాయి. పోయిన మనిషి మీద లేనిపోని అనుమానాలు. ఆయన వచ్చి జవాబు చెప్పుకోలేడు గదా.

ఎవరో చెబితే ఆమె ఆ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను దాన్ని రెండుసార్లు చదివాను. 'డ్రా చేయబడినవి' అని ఉందే గాని ఎవరు చేశారో లేదు. కర్త లేని వాక్యం. మన ఆఫీసు ఇంగ్లీషుకు ఇష్టమైన వాక్యమే అది! ఆమె తరఫున ఒక అర్జీ రాసిచ్చాను. అందులో అడిగినవి నాలుగే: బిల్లు నంబరెంత, టోకెను నంబరెంత, నగదు తీసిన తేదీ ఏది, అక్విటెన్సులో సంతకం ఎవరిది.

జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. అందులో ఉన్నదేమంటే, ఆ బిల్లు నగదైంది ఆయన పోయిన పంతొమ్మిది రోజులకు. తీసింది ఆఫీసు అధికారి. పుచ్చుకునే మనిషి లేడు గనుక సొమ్ము చెల్లించని సొమ్ముల రిజిస్టరులో ఉండి, ఆ తరువాత చలానాపై ఖజానాకు తిరిగి వెళ్లింది. వారసత్వ ధ్రువపత్రం పెట్టుకుంటే మళ్లీ డ్రా చేసి ఇచ్చారు. ఆమె వచ్చి చెప్పింది, "డబ్బు సంగతి అట్లా ఉంచండి బాబుగారూ, మా ఆయన మా దగ్గర దాచలేదు. మా అత్తకి ఆ కాగితం చదివి వినిపించాను" అని.

అందుకే మీ ఇంటికి వచ్చే కాగితంలో 'డ్రాన్' అన్న మాట కనబడితే, తీసింది ఎవరు, ఎక్కడి నుంచి, ఎవరి కోసం, వారికి ముట్టిందా అని అడగండి. ఇప్పుడు సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాకే వస్తోంది గనుక ఆ బాధ లేదనుకోవద్దు. బిల్లు పాసైందన్నా ఖాతాలో జమ అయ్యేదాకా మీకు అందినట్టు కాదు.

'విత్‌డ్రా' గురించి కూడా ఒక మాట. ఇక్కడ 'విత్' అంటే తోడుగా అని కాదు, వెనక్కి అని పాత అర్థం. 'విత్‌హోల్డ్'లో ఉన్నదీ అదే. పింఛను నిబంధనల్లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే వస్తాయి. విత్‌హోల్డ్ అంటే ఇవ్వకుండా ఆపి ఉంచడం. విత్‌డ్రా అంటే ఇచ్చినదాన్ని వెనక్కి తీసేసుకోవడం. ఉత్తరంలో ఏ మాట ఉందో చూసుకోకుండా జవాబు రాయకండి. జి.పి.ఎఫ్.లోనూ అంతే, అడ్వాన్సు అయితే తిరిగి కట్టాలి, పార్ట్ ఫైనల్ విత్‌డ్రాయల్ అయితే కట్టనక్కరలేదు.

ఇవాళ మనం ఇక్కడ చేరింది ఎందుకో అందరికీ తెలుసు. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారి అధ్యక్షతన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది. తీర్పు రాసింది జస్టిస్ డి.ఎ. దేశాయి గారు. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తరువాతివారికి ఒక లెక్క కుదరదని అన్నారు. పింఛను దయాధర్మంగా ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నారు. హక్కేనని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే చెప్పారు, నకారాలో మరింత గట్టిగా చెప్పారు.

నాకు ఇందులో 'డ్రా' కనబడుతుంది. మన తెలుగులో "గవర్నమెంటు పింఛను ఇస్తోంది" అంటాం. అక్కడ కర్త ప్రభుత్వం. మనం చేయి చాచినవాళ్లం. ఇంగ్లీషులో "ఐ డ్రా మై పెన్షన్" అంటే కర్త నేను. బావి తవ్విన కూలీల్లో నేనూ ఒకణ్ణి, ఇప్పుడు చేద వేసి తోడుకుంటున్నాను. నా మనవడు మొన్న "తాతయ్యకి డబ్బులు ఊరికే ఇస్తారు" అన్నాడు. వాడికి ఈ వ్యాకరణమే చెప్పాను. ఎంతవరకు ఎక్కిందో తెలియదు.

ఇక ఆఖరి సంగతి, వినడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. ముఖ్యంగా పిల్లలు వినాలి. తాను పోయిన రోజుదాకానే పింఛను ఆయనది. ఆ మర్నాటి నుంచి కుటుంబ పింఛను, అది వేరే లెక్క, వేరే మొత్తం. ఏ.టి.ఎం. కార్డు ఇంట్లో ఉంది గదా, రహస్య సంఖ్య తెలుసు గదా అని ఆయన ఖాతాలో పడే పింఛను తీస్తూ పోకండి. దుఃఖంలో ఉండి, కర్మకాండ ఖర్చుల కోసం తీసినవాళ్లే ఎక్కువమంది. చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. కాని అది 'ఎక్సెస్ డ్రాయల్' అవుతుంది, తరువాత రికవరీ పెడతారు, ఆ లెక్క తేలేదాకా భార్యకు రావలసినదానికీ ఆలస్యం జరుగుతుంది. మరణ ధ్రువపత్రం నకలు పి.పి.ఓ. నంబరుతో సహా ట్రెజరీకీ బ్యాంకుకూ వెంటనే ఇవ్వండి. పి.పి.ఓ. ఏ బీరువాలో ఉందో ఇవాళే ఇంట్లో చెప్పండి. సొరుగులో ఉందంటే ఏ డ్రాయరో కూడా చెప్పండి!

'డ్రా చేయబడినవి' లాంటి అర్థం కాని ఉత్తరాలు ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకుండా సంఘ కార్యాలయానికి పట్టుకురండి. సమావేశం రోజుల్లో సాయంత్రం పూట నేను అక్కడే ఉంటాను. కళ్లజోడు మాత్రం మీదే తెచ్చుకోండి, నాది ఇంకొకరికి అమరదు.