భూగర్భధనము – చేవ్రాలు



మేము విద్యను గూర్చియో, సదాచారమును గూర్చియో మాటాడుదుమని మీరు తలంచియుందురు. కాని నేడు చమురు కౌళ్లను గూర్చి విన్నవింప నెంచితిమి. వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవానికి చమురుతో నేమి పని యందురా? చేవ్రాలు చేసి చింతించినవారము గనుక చెప్పుచున్నాము.

కోనసీమలో మా పిత్రార్జితమైన కొబ్బరితోటలో కొంత భాగమును పూర్వము చమురుబావికై కౌలున కడిగిరి. పత్రము ఆంగ్లమున నుండెను. అమరకోశము కంఠస్థముగా గల మేము, వచ్చిన పెద్దమనిషి తొందరపెట్టగా, సగము పుటలైనను చదువక చేవ్రాలు చేసితిమి. కౌలుసొమ్ము ముట్టినది నిజమే. కాని నేల మరల మా చేతికి వచ్చునాటికి దానిపై కంకర మిగిలెను. పూర్వస్థితికి దెచ్చి యొప్పగింపవలె నను మాట పత్రమున లేదు. అడుగనిది మా దోషము.

ఇప్పుడు టెక్సాసులో 40 ఎకరములు కొనిన మా మేనల్లుడు, "మామయ్యా! చమురు కంపెనీవారు కౌలుపత్రము పంపిరి. సంతకము చేయుదునా?" అని యడిగెను. మన బిడ్డలు పలువు రచ్చట భూములు కొనుచున్నారు గనుక, అతనికి వ్రాసిన ప్రత్యుత్తరమును సభవారికి నివేదించుచున్నాము.

భూమిలోని ధాతువులందు రాజు అర్ధభాగార్హుడని మనుస్మృతి యష్టమాధ్యాయము చెప్పుచున్నది. నేటి మన దేశమున చమురు త్రవ్వుటకు అనుమతి నిచ్చునది ప్రభుత్వమే; రైతునకు దక్కునది పైనేలకు పరిహారము మాత్రమే. అమెరికాలో నట్లు గాదు. భూగర్భము సొంత ఆస్తి. పైనేలనుండి వేరుచేసి యమ్మవచ్చును. అమ్మినవాడు గర్భమును తనకే నిలుపుకొని యుండవచ్చును. కావున మొదట క్రయపత్రమును, దాని పూర్వపత్రములను పరిశీలింపవలెను. గర్భహక్కు లేనివాడు కౌలు నీయజాలడు. పైగా హక్కుగలవాడు అవసరమైనంత మేర పైనేలను వాడుకొనుట టెక్సాసున చెల్లును.

కౌలునందు మూడంగములు గలవు: చేవ్రాలునాడు ఎకరమున కింత యని యిచ్చు బోనసు, అమ్మిన సరకుపై వచ్చు రాయల్టీ, గడువు. బోనసు కంటికి గనబడును. రాయల్టీయే కుటుంబమును చిరకాలము పోషించును. మా మేనల్లునికి గర్భమున సగమే దక్కినదనుకొందము. అతని లెక్క 20 ఎకరములే. 640 ఎకరముల నొక్కటిగా జేర్చి బావి త్రవ్విరేని, అష్టమభాగపు రాయల్టీపై 256 డాలర్లకు ఒక డాలరు వచ్చును. పంచమభాగమైన 160కి ఒకటి. ఒక్క భిన్నము మారిన ఎంత భేదమో చూడుడు!

అందును వెచ్చముల కోత యుండును. పెన్సిల్వేనియాలో 1979 నాటి చట్టము రాయల్టీ యష్టమభాగమునకు తగ్గరాదని శాసించెను. అయినను, సరకును శుద్ధిచేసి తరలించిన వ్యయమును తగ్గించి లెక్కించుట చెల్లునని ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము 2010లో తీర్పు చెప్పెను. కావున కోత కూడదని పత్రమున స్పష్టముగా వ్రాయించుకొనవలెను.

గడువు మూడేండ్లని యుండినను, బావి పారుచున్నంతకాలము కౌలు నిలుచును. ఒక మూల బావి పారుటచే తక్కిన నేలయంతయు చిక్కుకొనకుండ, త్రవ్వని భాగమును విడుచునట్లు షరతు పెట్టవలెను. నీరు, బాట, పైరు, నేలను మరల చక్కజేయుట, వీనికిని వేర్వేరు షరతు లుండవలెను.

తొందర యెంత చెరుపో, అత్యాశయు నంత చెరుపు. 2008లో ఫోర్టువర్తు ప్రాంతమున ఎకరమునకు బోనసు 20,000 డాలర్లు దాటెను. ఇంకను పెరుగునని కొంద రాగిరి. ఆ సంవత్సరాంతమునకు వాయువు ధర పడిపోగా కంపెనీలు మాట వెనుకకు దీసికొనెను. ఆగినవారిలో పలువురకు ఆ బోనసు దక్కలేదు.

కావున మేనల్లునికి మేము వ్రాసిన దిది: "నాయనా! ఒక నెల గడువడుగుము. ఇరుగుపొరుగువారితో గలసి మాటాడుము. ఆ రాష్ట్రపు న్యాయవాదికి రుసుమిచ్చి పత్రమును చదివింపుము. షరతులు కుదిరిన, బోనసు కొంచెము తగ్గినను చేవ్రాలు చేయుము. కుదరకున్న, నమస్కరించి పంపివేయుము."

మన సంఘమున న్యాయవాదులు పెక్కురు గలరు. ఇచ్చటి కౌలుపత్రములనైనను ఉచితముగా చదివి చెప్పు చిన్న ఉపసంఘమును నేడే యేర్పరుపుడని పోషకులను ప్రార్థించుచున్నాము. మా తోటలో కంకర మిగిలినది. మీ తోటలలో మిగులకుండుగాక!

స్వస్తి.