పనిముట్టుకు పట్టే ప్రాణం

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం, మన బడి పాత వర్క్‌షాపు గది ముందు చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి సభలో మన సంఘం ఒక మంచి నిర్ణయం చేసింది. మన రోజుల్లో వడ్రంగం, ఫిట్టింగు నేర్పిన ఈ గదిని మళ్లీ తెరుస్తాం, ఒక చిన్న లేతు, ఒక చిన్న మిల్లింగు మిషను కొని పిల్లల చేతికి ఇస్తాం అన్నారు. చందాలు అక్కడికక్కడే పోగయ్యాయి. "నువ్వు బాలానగర్ టూల్ రూముల్లో 34 ఏళ్లు పనిచేశావు కదా, ఆ మిషన్ల గురించి నాలుగు మాటలు చెప్పు" అని కార్యదర్శి గారు రాత్రి భోజనాల దగ్గర అడిగారు. నేను ఒక్క సంగతే చెబుతాను. కోసే పనిముట్టును మిషన్లో ఎలా పట్టించాలి అన్నది. అది వినే మిషను కొనండి.

ముందుగా నా ఎడమ చెయ్యి చూడండి. చూపుడు వేలు వంగదు. ఇది ఫ్యాక్టరీలో జరిగింది కాదు. రిటైరయ్యాక మా ఇంటి వెనక షెడ్డులో, ఆదివారం పూట, నేను చేజేతులా తెచ్చుకున్నది.

మనవడికి బొమ్మ ఆవిరి ఇంజను చేస్తున్నాను. అల్యూమినియం ముక్కలో 2 మిల్లీమీటర్ల లోతు గాడి తియ్యాలి. మిల్లింగు మిషను కొత్తగా కొన్నాను గానీ కొల్లెట్ల సెట్టు ఇంకా కొనలేదు. మిషనుతో పాటు వచ్చిన డ్రిల్ చక్ ఉంది. 10 మిల్లీమీటర్ల ఎండ్ మిల్లును దాన్లో పెట్టి బిగించాను. అది తప్పని నాకు తెలియదా? ముప్ఫై నాలుగేళ్లు అప్రెంటిసు కుర్రాళ్లను అదే తప్పు మీద తిట్టినవాణ్ణి. "ఒక్క గాడే కదా, అల్యూమినియమే కదా" అనుకున్నాను. మొదటి కోత బాగానే వచ్చింది. రెండో కోత అయ్యాక కొలిస్తే ఒక చివర 2, రెండో చివర 3 దాటింది. డయల్ తప్పు చదివానేమో అనుకుని, చక్ కీతో ఇంకాస్త బిగించి మళ్లీ మొదలుపెట్టాను. ఎడమ చేత్తో బ్రష్షు పట్టుకుని చిప్స్ తుడుస్తున్నాను. మోత మారింది. ఆ మోత విని చెయ్యి తీసేలోపే చక్ కట్టరుతో సహా ఊడి, తిరుగుతూనే టేబుల్ మీద పడి నా చేతి మీదుగా దొర్లింది. నాలుగు కుట్లు పడ్డాయి, నరం తెగింది. అప్పటిదాకా నా పక్కనే బల్లకు గడ్డం ఆనించి చూస్తున్న మనవడు మంచినీళ్లకని లోపలికి వెళ్లాడు. వాడు వెళ్లిన రెండు నిమిషాలకు జరిగింది. ఇప్పటికీ నాకు కలలోకి వచ్చేది నా వేలు కాదు, ఆ రెండు నిమిషాలు.

ఇదే గదిలో మన క్రాఫ్టు మాస్టారు మొదటి నెలంతా మన చేత వస్తువేదీ చేయించలేదు. ఉలి పట్టుకోవడం, రంపం పట్టుకోవడం, ఆకురాయి పట్టుకోవడం, ఇదే పాఠం. పిడి లేని ఆకురాయి ముట్టుకుంటే వేళ్ల మీద స్కేలు దెబ్బ పడేది. ఆకురాయి జారితే దాని తోక అరచేతిలో దిగుతుందని ఆయన భయం. "ఏరా, ఉలి నీ చేతిలో ఉందా, నువ్వు ఉలి చేతిలో ఉన్నావా?" అనేవారు. మనం నవ్వుకునేవాళ్లం. ఆయన ఇవాళ మన మధ్య లేరు. ఆ ప్రశ్నకు నా వేలు జవాబు చెప్పింది.

మన ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్లను చూసి ఉంటారు. తరిమెన మీద అంకుడు కర్ర తిరుగుతుంటే ఉలిని చేత్తోనే ఆనించి పడతారు. అంకుడు కర్ర మెత్తన. ఉలి ఏ కాస్త బిగిసినా చేతికి తెలుస్తుంది, చెయ్యి వెనక్కి వస్తుంది. ఇనుము దగ్గర ఆ వీలు లేదు. అక్కడ కోతకు కావలసిన బలం మనిషి చేతికి మించినది. అందుకే పనిముట్టును పట్టుకునే పని చేతి నుంచి మిషనుకు పోయింది. మిషను చేతికి స్పర్శ లేదు. జారుతున్నా దానికి తెలియదు. తెలుసుకోవలసింది మనమే.

తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. కోసేటప్పుడు బలం ఎటు నుంచి వస్తుంది? ఈ పట్టు ఆ బలానికి చేసినదేనా?

డ్రిల్ చక్ సంగతే చూడండి. కీతో బిగించే డ్రిల్ చక్‌కు అమెరికాలో ఆర్థర్ జాకబ్స్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. చక్కని వస్తువు. కానీ అది డ్రిల్లు కోసం చేసింది. డ్రిల్లు దిగుతున్నప్పుడు బలం నిట్టనిలువుగా పైకి, చక్ వైపే వస్తుంది. చక్ వెనకున్న మొనదేలిన కడ్డీ, అంటే టేపరు, ఆ బలానికి తన గూట్లో ఇంకా గట్టిగా కూర్చుంటుంది. ఎంత నొక్కితే అంత బిగువు.

ఎండ్ మిల్లు అలా కాదు. అది పక్కకు కోస్తుంది. నాలుగు పళ్ల కట్టరు నిమిషానికి 1000 చుట్లు తిరిగితే నిమిషానికి 4000 దెబ్బలు పక్క నుంచి తగులుతాయి. టేపరును వదులు చెయ్యాలంటే ఏం చేస్తాం? పక్క నుంచి తట్టుతాం. అదే పని కట్టరు చేస్తుంది. పైగా దాని పళ్లు మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక చిప్స్‌ను పైకి తోస్తూ, తాను కిందికి లాక్కుంటుంది. చక్ దవడలు మూడు సన్నని గీతల మీద మాత్రమే ఆనతాయి. దవడా గట్టి ఉక్కే, కట్టరు షాంకూ గట్టి ఉక్కే. గట్టి మీద గట్టి జారుతుంది. నా గాడి 3 మిల్లీమీటర్లకు దిగింది అందుకే. డయల్ సరిగానే ఉంది, కట్టరు జారింది.

"పైన డ్రా బార్ బిగించాను కదా, ఎలా ఊడుతుంది?" అని తెలిసినవాళ్లు అడుగుతారు. డ్రిల్ చక్‌లో రెండు టేపర్లు ఉంటాయి. కడ్డీని స్పిండిల్లో పట్టేది ఒకటి, చక్‌ను కడ్డీకి పట్టేది ఇంకొకటి. డ్రా బార్ మొదటి దాన్నే లాగి పడుతుంది. రెండోదాన్ని పట్టేది ఏమీ లేదు. నాది అక్కడే ఊడింది.

మరి దేన్లో పట్టించాలి? కొల్లెట్టులో. కొల్లెట్టు అంటే చీలికలు పెట్టిన ఉక్కు గొట్టం. బిగిస్తే చీలికలు దగ్గరకొచ్చి షాంకును చుట్టూ, పొడవునా పట్టుకుంటాయి. డ్రిల్ చక్ మూడు వేళ్లతో గిల్లినట్టు, కొల్లెట్టు పిడికిలి బిగించినట్టు. చిన్న మిషన్లకు ఇప్పుడు ఎక్కువగా వాడేవి ఈఆర్ కొల్లెట్లు. 1970ల తొలినాళ్లలో స్విట్జర్లాండులో పుట్టాయి. ఈఆర్ 25 సెట్టు 16 మిల్లీమీటర్ల షాంకు దాకా పడుతుంది. మన పిల్లలకు అది చాలు.

కొల్లెట్టుకూ మర్యాదలున్నాయి. మొదట కొల్లెట్టును నట్టులోకి కాస్త వంచి నొక్కాలి, టక్కుమని కూర్చోవాలి. ఆ తర్వాతే రెండింటినీ కలిపి హోల్డరుకు ఎక్కించాలి. కొల్లెట్టును ముందు హోల్డరులో వేసి పైన నట్టు తిప్పితే వంకరగా కూర్చుంటుంది, తీసేటప్పుడు బయటికి రాదు. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇదే. 10 అని రాసిన కొల్లెట్టు 10 నుంచి 9 దాకా పడుతుంది. 8 మిల్లీమీటర్ల షాంకును దాన్లో బిగించకూడదు, పదిన్నర దాన్ని దూర్చకూడదు. షాంకు కొల్లెట్టు పొడవులో కనీసం మూడింట రెండు వంతులు లోపలికి పోవాలి. పళ్లున్న భాగం మాత్రం లోపలికి పోకూడదు. బిగించే ముందు గుడ్డతో తుడవాలి. ఒక్క చిప్పు ఇరుక్కుంటే పట్టు సగమైపోతుంది. డ్రా బార్ బిగించాక స్పానరు పైన వదలకూడదు. ఊడదీసేటప్పుడు డ్రా బార్‌ను రెండు మరలు వదులు చేసి, దాని నెత్తిన ఇత్తడి సుత్తితో తట్టాలి. కట్టరును కింద గుడ్డతో పట్టుకోవాలి. ఇదంతా ప్లగ్గు పీకేసిన మిషను మీదే.

ఇక లేతు. లేతు వెనక భాగంలో, అంటే టెయిల్ స్టాకులో, డ్రిల్ చక్‌కు డ్రా బార్ అక్కర్లేదు. అక్కడ బలం నేరుగా టేపరులోకే పోతుంది. ఆ టేపరును మోర్స్ టేపరు అంటారు. 20 మిల్లీమీటర్ల పొడవుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సన్నబడుతుంది. ఆ కొద్దిపాటి వాలు వల్లే అది పట్టుకుంటుంది. నూనె, చిప్స్ ఉంటే పట్టదు. అదే లేతు మీద వర్టికల్ స్లైడు పెట్టి మిల్లింగు చెయ్యబోతే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు కట్టరు ముందు స్పిండిల్లో, కొల్లెట్టులో, డ్రా బార్‌తో ఉండాలి. మిషను అదే, బలం దిక్కు మారింది. కాబట్టి పట్టు మారాలి.

టూల్ పోస్టులో టూలు పెట్టేటప్పుడు బలం కిందికి వస్తుంది. తిరిగే కడ్డీ టూలు మొనను కిందికి తొక్కుతుంది. టూలు ఎంత బయటికి పొడుచుకు వస్తే అంత వంగుతుంది. పొడవు రెండింతలైతే వంపు ఎనిమిదింతలు. కనుక పనికి ఎంత కావాలో అంతే బయట పెట్టండి. ఒక్క స్క్రూతో సరిపెట్టకండి, కనీసం రెండు బిగించండి. కింద పెట్టే ప్యాకింగు ముక్కలు టూలు పొడవునా ఆనాలి. అట్టముక్క, అగ్గిపెట్టె పనికిరావు, ఉక్కు రేకే పెట్టాలి.

మొన ఎత్తు కడ్డీ నడిమికి సరిగ్గా ఉందా అని చూడటానికి ఒక సులువు. లేతు ఆపి, మొనకూ కడ్డీకీ మధ్య సన్నని ఉక్కు స్కేలు నిలబెట్టి మెల్లగా నొక్కండి. స్కేలు నిలువుగా ఉంటే సరే. స్కేలు తల మన వైపు వాలితే మొన కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది. ముక్క తెగ్గొట్టే పార్టింగు టూలుకు ఇది మరీ ముఖ్యం. సన్నని టూలు, లోతు కోత. ఎత్తు తప్పినా, చక్‌కు దూరంగా కోసినా, టూలు ముక్కలోకి దిగబడి విరుగుతుంది. విరిగిన ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ గదిలోకి రానివ్వకండి. అది చేసేవాడికే కాదు, చూసేవాడికీ.

చక్ కీ మీద చెయ్యి ఉన్నంతసేపే అది చక్‌లో ఉండాలి. చెయ్యి తీస్తే కీ బయటికి రావాలి. చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, చున్నీ, మెడలో తువ్వాలు ఇవేవీ తిరిగే మిషను దగ్గరికి రాకూడదు. ఆడపిల్లలు జడ ముడి వేసుకోవాలి. చిప్స్ తుడవాలంటే మిషను ఆగాలి. నా వేలు ఈ ఒక్క మాట వినలేదు.

పిల్లలకు ఇంత ప్రమాదం ఎందుకు, వద్దులే అని మీలో ఎవరికైనా అనిపిస్తే, నా ఉద్దేశం అది కాదు. మనవడి ఇంజను తర్వాత పూర్తయింది. కొల్లెట్లు కొన్నాక అదే గాడి కొత్త ముక్కలో తీశాను. 2 మిల్లీమీటర్లంటే రెండే వచ్చింది. కోసింది వాడే, నేను పక్కన నిలబడ్డాను. ఇంజను మొదటిసారి తిరిగినప్పుడు వాడి ముఖం చూడాలి. ఆ ముఖం ఈ బడి పిల్లలందరికీ రావాలి.

అందుకే సంఘానికి నా మనవి. దుకాణాల వాళ్లు మిషను ధర ఒకటే చెబుతారు. పట్టే సామాను విడిగా కొనుక్కోవాలి, అది ఆ ధరలో కనబడదు. మనం పోగుచేసిన డబ్బులో నాలుగో వంతు దానికి ముందే పక్కన పెట్టండి. కొల్లెట్ల సెట్టు, హోల్డరు, సరైన డ్రా బార్, మంచి టూల్ పోస్టు, ఉక్కు ప్యాకింగులు, కళ్లద్దాలు. డబ్బు చాలకపోతే మిషను ఒక సైజు చిన్నది కొనండి, లేదా మిల్లింగు మిషను వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యండి. పట్టే సామానును మాత్రం వాయిదా వెయ్యకండి. అది చేతికి వచ్చేదాకా ఎండ్ మిల్లు డబ్బా తాళం హెడ్మాస్టరు గారి దగ్గరే ఉండాలి. ఎందుకంటే అది లేని రోజున ఎవడో ఒక తెలివైన కుర్రాడు, నాలాగే, "ఒక్క గాడే కదా" అంటాడు.

నెలకు రెండు శనివారాలు నేను వస్తాను. మొదటి నెల పిల్లల చేత ఏ వస్తువూ చేయించను. పట్టుకోవడమే నేర్పుతాను. మాస్టారి స్కేలు మాత్రం తీసుకురాను. వంగని వేలు చూపిస్తే చాలు.