కాడి దించినవారి విశ్వాసం
(అధ్యక్షోపన్యాసం)

 

మన క్రైస్తవ సాహిత్యంలో సాక్ష్యాలకు కొదవలేదు. ప్రభువును తెలుసుకున్నవారి కథలు కీర్తనలుగా, కరపత్రాలుగా, పుస్తకాలుగా ఇంటింటా ఉన్నాయి. కానీ సంఘం పెట్టిన కట్టుబాట్లు వదిలేసి, ప్రభువును మాత్రం వదలని మనిషి కథ నేను చదివినంతలో చాలా అరుదు. అలాంటివారు ఎక్కడో లేరు, మన బంధువుల్లోనే ఉన్నారు. చెల్లెలి పెళ్లిలో మెడలో గొలుసు వేసుకుందని ప్రభు బల్లకు దూరం పెట్టిన అమ్మాయి ఉంది. సినిమాకు వెళ్లాడని ఆరాధనలో పాట ఎత్తనివ్వని కుర్రాడున్నాడు. బిడ్డ జ్వరానికి మందు వేసినందుకు విశ్వాసం లేనిదని మాటపడ్డ తల్లి ఉంది. వాళ్లు ఆ గుడి మెట్లు దిగి వెళ్లిపోతే అందరూ ‘వెనక్కి తగ్గిపోయారు’ అనేశారు. ఆ రాత్రి కూడా వాళ్లు మోకాళ్ల మీదే ఉన్నారేమోనని ఎవరూ అడగలేదు.

ఈ విషయం ఆలోచించినప్పుడల్లా నాకు పండిత రమాబాయి గుర్తొస్తుంది. 1858లో పుట్టింది. ఆడదానికి సంస్కృతం కూడదన్న రోజుల్లో తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకూ కూతురికీ శాస్త్రం చెప్పాడు. కరువులో తల్లిదండ్రులు పోయారు. కలకత్తా పండితులు ఆమెకు ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదులిచ్చారు. పెళ్లైన రెండేళ్లలోపే భర్తను పోగొట్టుకుని, పసిబిడ్డతో ఇంగ్లండు చేరి, 1883లో వాంటేజ్‌లోని సన్యాసినుల మఠంలో ఉంటూ బాప్తిస్మం తీసుకుంది.

చాలామంది ఆమె కథను ఇక్కడితో ముగిస్తారు. నాకు అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఆ మఠంలో సిస్టర్ జెరాల్డిన్‌ను రమాబాయి ప్రేమగా ‘ఆజీబాయి’ అని, అంటే అవ్వ అని, పిలుచుకునేది. ఆ ఇద్దరి ఉత్తరాలు చదివితే ఎంత మమకారం ఉందో అంత పోరు కనిపిస్తుంది. ఆంగ్లికన్ సంఘం చెప్పిందల్లా తలవంచి ఒప్పుకోవాలని జెరాల్డిన్ కోరింది. రమాబాయి ఒప్పుకోలేదు. తన దేశపు పురోహితుల కాడిని ఎంతో కష్టపడి దించుకున్నాననీ, మళ్లీ ఇంకో పురోహితవర్గం కాడి కింద మెడ పెట్టలేననీ తేల్చి రాసింది. సిలువ గుర్తు మీద రాసే మాటలు లాటిన్‌లోనే ఎందుకుండాలి, సంస్కృతంలో ఉంటే ఏమని వాదించింది. చెల్టన్‌హామ్ కాలేజీలో ఆమె మగ విద్యార్థులకు పాఠం చెప్పే మాట వస్తే బిషప్పులు అడ్డు చెప్పారు. తన తండ్రి, తన భర్త ఏనాడూ కాదనని పనిని కొత్త మతం కాదంటుందా అని ఆమె మండిపడింది.

అదే రమాబాయి గుడ్డు కలిపిన పుడ్డింగ్ ముట్టలేదు. శాకాహారం మానలేదు. జెరాల్డిన్‌కు అది పాత కుల పట్టింపులా కనిపించింది. నేను అలా చూడను. ఎవరో విధించిన నియమం తోసేసిన మనిషి, తన మనసు ఒప్పిన నియమాన్ని ఇష్టంగా పాటించింది. నియమాలు వదలడమంటే విచ్చలవిడితనమే అనుకునేవారు ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచినప్పుడు, అక్కడికి చేరిన హిందూ వితంతువులు తమ ఆచారాలు తాము పాటించుకోవచ్చంది. తన ప్రార్థన మాత్రం తలుపు మూసి చేసుకోలేదు. కొందరు పిల్లలు వచ్చి పక్కన కూర్చున్నందుకు పెద్ద దుమారం లేచి, 1893లో రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సదన్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. అప్పుడూ ఆమె తలుపు మూయలేదు.

తర్వాత రాసిన తన సాక్ష్యంలో ఆమె ఒక మాట ఒప్పుకుంది. బాప్తిస్మం నాటికి తనకు క్రైస్తవ మతం దొరికింది గానీ క్రీస్తు దొరకలేదట. ఆయన దొరికింది ఎన్నో ఏళ్ల తర్వాత. అంటే, బిషప్పులతో వాదించిన ఏళ్లు ఆమెను క్రీస్తుకు దూరం చేయలేదు. కేడ్‌గావ్‌లోని ముక్తి సదనంలో కరువు నుంచి తెచ్చిన ఆడపిల్లలకు కూడు పెట్టి, చదువు చెప్పి, పల్లెటూరి స్త్రీకి అర్థమయ్యే మరాఠీలో బైబిలు అనువదించడానికి హీబ్రూ, గ్రీకు నేర్చుకుంది. 1922లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉంది. ఈమెను వెనక్కి తగ్గిన మనిషి అనగలమా?

కట్టుబాట్లన్నీ చెడ్డవని నేననను. తాగుడు మానాలన్న నియమం మన పల్లెల్లో ఎన్ని కాపురాలు నిలబెట్టిందో మీకు తెలుసు. ఆరాధనలో నగలు తీసేసి తెల్లచీర కట్టుకున్న వరుసలో కూలి తల్లికీ ఆసామి భార్యకూ తేడా కనపడలేదు. అది కనికరంతో పుట్టిన నియమం. దానితోనే మనుషుల రక్షణను కొలవడం మొదలుపెట్టిన రోజున అది బరువైంది. సున్నతి లేకుండా రక్షణ లేదన్నవారికి యెరూషలేములో అపొస్తలులు ఏం జవాబిచ్చారో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు ఇరుపక్షాలనూ ఆపాడు. తినేవాడు తిననివాణ్ణి చులకన చేయకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. బయటికి వచ్చినవారు కూడా ఇది మరవకూడదు. ముసుగు వేసుకుని ప్రార్థించే అమ్మను ఎగతాళి చేయడం స్వేచ్ఛ కాదు.

యువ రచయితలకు నా విన్నపం ఇది. మెట్లు దిగిపోయిన ఆ అమ్మాయి దగ్గరికి, ఆ కుర్రాడి దగ్గరికి, ఆ తల్లి దగ్గరికి వెళ్లండి. సంఘాన్ని తిట్టించడానికి వెళ్లొద్దు, వాళ్లు ఇప్పుడు ఎలా ప్రార్థిస్తున్నారో వినడానికి వెళ్లండి. విన్నది ఉన్నదున్నట్టు రాయండి. పత్రికల సంపాదకులారా, ఆ రచనలు వచ్చినప్పుడు సంఘ పెద్దలు ఏమంటారోనని పక్కన పెట్టకండి. సాక్ష్యాల పేజీలోనే వేయండి.